"ఇటు చూడండి" అనకుండా

రేడియోలో కూర్చుని ఫోటోల గురించి మాట్లాడమంటే మొదట నవ్వొచ్చింది. చూపించడానికి ఇక్కడ ఏమీ లేదు. ఒక మైకు, ఒక గ్లాసు నీళ్ళు, అద్దం అవతల హెడ్‌ఫోన్ పెట్టుకున్న ఒక మనిషి. అయినా ఒప్పుకున్నాను. ఫోటోను చూపించకుండా నోటితో చెప్పడమనే పరీక్ష నాకు ఇదివరకే ఒకసారి అయింది. అందులో తప్పాను. ఆ కథే ఇవాళ చెప్పబోతున్నాను.

నాది ఫోటో స్టూడియో. కరీంనగర్ నుంచి జగిత్యాల పోయే దారిలో, బస్సులు ఆగే చోట, టీ హోటల్ పక్కన ఉంటుంది. ఇరవై ఆరేళ్ళుగా రోజూ షట్టరుతోనే నా బతుకు. దుకాణం షట్టరూ అదే, కెమెరా షట్టరూ అదే. పెళ్ళిళ్ళు, పుట్టు వెంట్రుకలు, ధోతి ఫంక్షన్లు, కొత్త ఇంట్లో పాలు పొంగించడాలు. వీటన్నిటికంటే ఎక్కువ పాస్‌పోర్టు ఫోటోలు. మా పక్క ఊళ్ళలో గల్ఫ్‌కు పోయిన మనిషి లేని వాడ దొరకదు. దుబాయ్, మస్కట్, బహ్రెయిన్ ఎక్కడికి పోవాలన్నా ముందు నా దుకాణంలోని తెల్ల పరదా ముందు కూర్చోవాల్సిందే. రెండు చెవులూ కనపడాలి, పళ్ళు కనపడకూడదు, తల నిటారుగా ఉండాలి. అప్పుడు నేనొక మాట అంటాను. "ఇటు చూడు."

పెళ్ళిలో అయితే గౌరవంగా "ఇటు చూడండి" అంటాను. తలంబ్రాలు పోస్తున్న పిల్లను ఆపి ఇటు చూడమంటాను. అప్పగింతలప్పుడు ఏడుస్తున్న తల్లిని కూడా ఇటు చూడమన్న పాపం నాకుంది. ఇరవై ఆరేళ్ళలో ఈ మాట ఎన్ని లక్షల సార్లు అన్నానో లెక్క లేదు.

తప్పంతా నాదే అనుకోకండి, ఈ మాటకు చాలా వయసుంది. 1839 ఆగస్టు 19న ఫ్రెంచి ప్రభుత్వం ఫోటో తీసే విద్యను లోకానికి ఉచితంగా ఇచ్చింది. ఆ తేదీనే మనం ప్రపంచ ఫోటోగ్రఫీ దినోత్సవం చేసుకుంటున్నాం. ఆ కాలంలో ఒక్క ఫోటోకు నిమిషాల తరబడి కదలకుండా కూర్చోవాలి. స్టూడియోల్లో తల కదలకుండా మెడ వెనక ఇనుప ఊత కూడా పెట్టేవాళ్ళు. మన హైదరాబాద్‌లో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్‌కు ఆస్థాన ఫోటోగ్రాఫర్‌గా ఉన్న రాజా దీన్‌దయాళ్ గారు స్టూడియో పనిలో మా అందరికీ పెద్దదిక్కు. 1892లో ఆయన పరదా స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో పెట్టారు. అక్కడ ఫోటోలు తీసింది కెన్నీ లెవిక్ అనే ఒక ఆంగ్ల మహిళ. నిజాం ప్రభువు ఆయనకు ముసవ్విర్ జంగ్ అని బిరుదిచ్చారు. అంత ఘనమైన వంశం మాది. మెడ వెనక ఊత ఎప్పుడో పోయింది. దాని స్థానంలో మా నోట్లో ఈ మాట మిగిలింది.

ఇట్లా నడుస్తుండగా కొన్నేళ్ళ కిందట కరీంనగర్‌లో పత్రికా ఫోటోగ్రాఫర్లు నేర్పే శిక్షణ శిబిరం అని విన్నాను. కరీంనగర్‌లో మూడు రోజులు, తర్వాత దీపావళికి ఆదిలాబాద్ గూడేల్లో రెండు రోజులు. నేర్పేవాళ్ళు ఇద్దరు. ఒకాయన ఏజెన్సీలో స్ట్రింగర్‌గా మొదలై పెద్ద పత్రికలో రిటైరైన మనిషి, గడ్డం నెరిసింది. రెండో ఆవిడ హైదరాబాద్‌లో పనిచేస్తున్న ఫోటోగ్రాఫర్, నాకంటే పదేళ్ళు చిన్న. నేర్చుకునేవాళ్ళం ఇరవై మందిమి. సగం మంది జిల్లా పేజీలకు ఫోటోలు పంపే కుర్రాళ్ళు, కొంత మంది కాలేజీ పిల్లలు, నాలాంటి స్టూడియోవాళ్ళు ముగ్గురు. నాకు లోపల కొంచెం పొగరుగానే ఉంది. నా బ్యాగులో ఉన్న లెన్సుల ధరకు ఒక ఆటో వస్తుంది మరి.

తలా పది ఫోటోలు తెచ్చుకోమన్నారు. నా పదింటినీ గడ్డం సార్ బల్ల మీద పేకముక్కల్లా పరిచారు. చాలాసేపు చూశారు. లైటింగ్ బాగుందని అంటారనుకున్నాను.

"అన్నా, వీళ్ళందరూ నీ దిక్కే చూస్తున్నరు," అన్నారు. "నువ్వు ఆడ లేకుంటే వీళ్ళేం చేస్తుండిరి?"

జవాబు దొరకలేదు. నేను లేకపోతే ఫోటోనే ఉండదు కదా అని మనసులో అనుకున్నాను. పైకి అనలేదు.

ఆ మధ్యాహ్నం మా కెమెరాలకు శిక్ష పడింది. జూమ్ లెన్సుల రింగు 35 దగ్గర పెట్టి టేపు చుట్టేశారు. దగ్గరగా కావాలంటే కాళ్ళతో పోవాలి. వెనక స్క్రీను మీద కూడా అట్టముక్క అంటించారు. తీసిన ఫోటో చూసుకోవడం లేదు, చెరపడం లేదు. రోజుకు 36 ఫోటోలే, పాత రీలులో ఉన్నన్ని. పెళ్ళికి మూడు వేలు కొట్టేవాణ్ణి నేను. 36 అంటే మా దగ్గర మంగళసూత్రం కట్టే నిమిషానికి సరిపోవు. గడ్డం సార్ కాలంలో ఆ 36 కూడా దాచుకుని వాడేవాళ్ళట. ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్ మూడు వందల కిలోమీటర్ల పైనే. రాత్రి బాత్రూంలో రీలు కడిగి, ప్రింటు కవర్లో పెట్టి, ఆర్టీసీ డ్రైవర్‌ను బతిమాలి పంపితే తెల్లారి డెస్కు వాళ్ళకు అందేది. కవరు చేరిందా లేదా అన్నది ఎల్లుండి పేపరు వస్తే గాని తెలిసేది కాదు.

రెండో రోజు సిరిసిల్ల పోయాం.

సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచా అంటారు. బతుకమ్మ చీరలు 2017 నుంచి కొన్నేళ్ళ పాటు ఇక్కడ నేయించారని అందరికీ తెలుసు. ఆ చీరలు నేసిన షెడ్డులో నిలబడితే ఎట్లా ఉంటుందో మటుకు నిలబడితేనే తెలుస్తుంది. చప్పుడు చెవిలో కాదు, పళ్ళలో వినిపిస్తుంది. రేకుల సందుల్లోంచి కర్రల్లా దిగే వెలుతురు, ఆ వెలుతుర్లో తేలే నూలు దుమ్ము. ఒకాయన నాలుగు సాంచాల మధ్య తిరుగుతున్నాడు. యాభై ఏళ్ళుంటాయి. కనుబొమల మీద దూది పేరుకుని ముసలివాడిలా కనిపిస్తున్నాడు.

నేను అలవాటు ప్రకారం "అన్నా, ఒక్కసారి ఇటు చూడు," అన్నాను. వినపడలేదు. గట్టిగా అరిచాను. చెయ్యి ఊపాను. ఆయన చూశాడు. దగ్గరున్న సాంచా ఆపాడు. తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు, కనుబొమల మీద దూది పోయింది. చొక్కా సర్దుకుని, చేతులు కిందికి వేసి, జనగణమన పాడుతున్నట్టు నిటారుగా నిలబడ్డాడు. ఐదు ఫోటోలు తీశాను. థాంక్సన్నా అన్నాను. ఆయన నవ్వి వెనక్కి తిరిగేసరికి అవతలి సాంచా మీద పోగు తెగి, బట్టలో బెత్తెడు మేర గీత పడింది. ఏమీ అనలేదు. వంగి సరిచేసుకోవడం మొదలుపెట్టాడు.

గడ్డం సార్ గుమ్మం దగ్గర నిలబడి అంతా చూశారు. బయటికి వచ్చాక టీ తాగుతూ మెల్లగా అన్నారు. "ఆయనకు మీటర్ల లెక్కన కూలి. సాంచా ఆగితే కూలి ఆగినట్టే. నీ ఐదు ఫోటోలకు ఆయన ఎంత కట్టిండో లెక్క చేసినవా?"

సాయంత్రం హాల్లో మేడం పెట్టిన పరీక్షే నేను మొదట చెప్పింది. ఫోటోను తెర మీద వేయరు. తీసినవాళ్ళు లేచి, అది చూడని వాళ్ళ కళ్ళకు కట్టేలా నోటితో చెప్పాలి. నా వంతు వచ్చింది. "సిరిసిల్లలో సాంచా నడిపే కార్మికుడు, సాంచా పక్కన నిలబడి కెమెరా వైపు చూస్తున్నాడు." అయిపోయింది. ఇంకేం చెప్పాలి? చెప్పడానికి ఏమీ మిగల్లేదు. మేడం కాసేపు ఆగి "ఇంకా?" అన్నారు. ఇంకా ఏమీ లేదన్నాను.

నా తర్వాత మంచిర్యాల నుంచి వచ్చిన ఒక కాలేజీ అమ్మాయి లేచింది. ఆమె దగ్గరున్నది అమ్మానాన్న కొనిచ్చిన మామూలు కెమెరా. తెల్లవారుజామున కరీంనగర్ కూరగాయల మార్కెట్లో తీసిన ఫోటో గురించి చెప్పింది. ఒకావిడ కొత్తిమీర కట్టలు విడదీస్తోంది. చేతులు తడిగా ఉన్నాయని చిల్లర నోట్లో పెట్టుకుంది, బుగ్గ ఒకవైపు ఉబ్బి ఉంది. పక్కన తక్కెడ ఉంది, అందులో రాయి ఉంది, రాయి మీద పసిపిల్ల కాలు ఉంది. పిల్ల నిద్రపోతోంది. కొనేవాళ్ళు కనపడరు, కొనే చెయ్యి ఒకటి పైనుంచి వచ్చి కొత్తిమీర ఆకు గిల్లి చూస్తోంది. ఆ అమ్మాయి చెబుతుంటే మూడు నిమిషాలు హాలంతా నిశ్శబ్దం. నాకు కొత్తిమీర వాసన వచ్చింది. నిజంగానే వచ్చింది.

రేడియో మీద నాకు గౌరవం కలిగింది అప్పుడే.

మూడో రోజు పొద్దున్నే నేనొక్కణ్ణే మళ్ళీ అదే షెడ్డుకు పోయాను. సార్ పొమ్మనలేదు. ఒక మూలన కండెల బస్తా మీద కూర్చున్నాను, కెమెరా ఒళ్ళో పెట్టుకుని. మొదటి అరగంట ఆయన నన్ను చూస్తూనే ఉన్నాడు, ఎప్పుడు పిలుస్తాడో అని. తర్వాత మర్చిపోయాడు. నాకు ఒక సంగతి కనిపించింది. ఆయన ఒక సాంచా దగ్గర తెగిన పోగుకు ముడి వేస్తున్నప్పుడు ముడి వైపు చూడటం లేదు. వేళ్ళు వాటంతట అవే ముడి వేస్తున్నాయి. మొహం మటుకు అవతలి సాంచా వైపు తిరిగి ఉంది. అంత మోతలోనూ దేని చప్పుడు మారిందో చెవితో పట్టుకుంటున్నాడు. చేతులు ఒక చోట, చెవులు ఒక చోట, కాళ్ళు అప్పుడే మూడో చోటికి కదులుతున్నాయి.

సెకనులో ఐదు వందలో వంతు షట్టరు పెడితే ఆ మగ్గం ఆగిపోయినట్టు పడుతుంది, మూతపడ్డ ఫ్యాక్టరీలాగా. పదిహేనో వంతు పెడితే నాడె ఒక తెల్ల గీతయి పారుతుంది, కదలని వేళ్ళు మటుకు స్పష్టంగా నిలుస్తాయి. ఈ లెక్క నాకు ఇరవై ఏళ్ళుగా తెలుసు. బారాత్‌లో డాన్సులకు వాడతాను. ఎందుకు వాడాలో ఆ బస్తా మీద కూర్చున్నప్పుడు తెలిసింది. 36లో పదకొండు తీశాను. లేచి పోతుంటే ఆయనే చేసైగ చేసి పిలిచాడు. "ఇయ్యాల నిలవడమనవా?" అన్నాడు చెవి దగ్గర. వద్దన్నాను. ఆయన పేరు అడిగాను. రెండోసారి కలిసిన మనిషి పేరు అప్పుడు అడిగాను.

ఆ పేరు సంగతి మేడం దగ్గర నేర్చుకున్నదే. పత్రికల భాషలో ఫోటో కింద రాసే దాన్ని రైటప్ అంటారు. జిల్లా పేజీల రైటప్‌లు మీకందరికీ కంఠతా వచ్చు. 'మాట్లాడుతున్న ఎమ్మెల్యే', 'మొక్క నాటుతున్న అధికారులు', 'నినాదాలు చేస్తున్న కార్యకర్తలు'. పెద్దమనిషికి పేరూ హోదా ఉంటాయి, పక్కన పార పట్టుకున్న మనిషికి ఏమీ ఉండదు. అతని రైటప్ ఎప్పుడూ 'తదితరులు'. ఫోటోలో ఎంత మంది గుర్తుపట్టేలా ఉంటే అన్ని పేర్లు కావాలన్నారు మేడం. పేరు, ఊరు, వయసు, ఏ పని, ఏ పూట. పేరు అడగడానికి సిగ్గుపడితే ఆ ఫోటో పేపరుకు పంపొద్దన్నారు. ఒక కుర్రాడు "మేడం, డెస్కుల అన్ని పేర్లు కట్ చేస్తరు," అన్నాడు. "వాళ్ళ కత్తెర వాళ్ళది, నీ కలం నీది," అన్నారావిడ.

శిబిరంలో చెప్పినదానికల్లా నేను తల ఊపానని అనుకోవద్దు. ఒకపూట స్టూడియో పనిని తేలిక చేసి మాట్లాడారు, నాకు కోపం వచ్చింది. మీ పత్రికలవాళ్ళు మటుకు 'ఇటు చూడండి' అనరా అని అడిగాను. వేసిన దండ తీయించి మళ్ళీ వేయించరా? వెలిగించిన జ్యోతిని ఆర్పించి మళ్ళీ వెలిగించరా? శాలువా కప్పేటప్పుడు 'సార్, ఒక్క నిమిషం అట్లనే' అనరా? హాలంతా నవ్వులు. గడ్డం సార్ కూడా నవ్వి, "నేను ఒకే మొక్కను మూడుసార్లు నాటించిన," అని ఒప్పుకున్నారు. నిజం చెప్పాలంటే పాస్‌పోర్టు ఫోటోలో ఇటు చూడక తప్పదు. పెళ్ళి గ్రూపు ఫోటోలో తాత, నాయనమ్మ, అటు పిల్లలు, ఇటు మనవలు ఒక్క క్షణం ఒకే దిక్కు చూడటానికి కూడా ఒక విలువ ఉంది. అలాంటి క్షణం ఆ ఇంట్లో మళ్ళీ రాకపోవచ్చు. ఆ పని నేను ఇప్పటికీ చేస్తున్నాను, సిగ్గుపడను.

మేడం రాత్రిళ్ళు మాకు వేరేవాళ్ళ ఫోటోలు చూపించేవారు. మన దేశంలో మొదటి మహిళా పత్రికా ఫోటోగ్రాఫర్ హోమై వ్యారావాలా. 1913లో పుట్టి, స్వాతంత్ర్యం వచ్చిన రోజులన్నిటినీ చీర కట్టుకుని, కెమెరా భుజానికి తగిలించుకుని తీసిన మనిషి. ఎంత పెద్ద నాయకుడైనా ఆమె ఫోటోల్లో చాలాసార్లు తన పనిలో తానుంటాడు. ఆడవాళ్ళ చాకిరీ మీద పాలగుమ్మి సాయినాథ్ గారు తీసిన ఫోటోలు కూడా చూపారు. ఆ ప్రదర్శనను ఆయన గ్యాలరీలకే వదిలేయకుండా బస్టాండ్లలో, ఫ్యాక్టరీ గేట్ల దగ్గర కూడా పెట్టించారట. వరంగల్ భరత్ భూషణ్ గారి ఫోటోల దగ్గర మాత్రం నేను ఎక్కువసేపు ఆగాను. బతుకమ్మలు, పల్లె ఇళ్ళ తలుపులు, గోడలు, ముంగిట్లో మనుషులు. మా అమ్మమ్మ ఇంటి తలుపు లాంటి తలుపు అందులో ఉంది. మనిషి లేని ఫోటోలో మనిషి ఉండటం ఏమిటో అక్కడ చూశాను. ఆయన 2022 జనవరిలో పోయారు. ఒక్కసారైనా కలవలేకపోయాను. పక్క జిల్లాయే.

ఇక ఆదిలాబాద్.

జగిత్యాల, ధర్మపురి దాటి, రాయపట్నం దగ్గర గోదావరి వంతెన ఎక్కి, లక్సెట్టిపేట, జన్నారం మీదుగా కవ్వాల అడవిలోంచి ఉట్నూరు చేరాం. దీపావళి పూట గోండు గూడేల్లో దండారి. ఒక గూడెం వాళ్ళు ఇంకో గూడేనికి ఆడుతూ పాడుతూ విందుకు పోతారు. తుడుం మోగుతుంది, గుమేల మోగుతుంది. గుస్సాడీలు వస్తారు. తల మీద నెమలీకల టోపీ, ఒంటి నిండా బూడిద, భుజం మీద తోలు, చేతిలో కర్ర. పండుగ అయ్యేదాకా స్నానం ఉండదు.

కెమెరాలు బ్యాగుల్లోనే ఉంచమన్నారు సార్, మొదటి పూటంతా. ముందు గూడెం పెద్ద పటేల్‌కు రామ్ రామ్ చెప్పాలి, ఎందుకు వచ్చామో చెప్పాలి, ఎక్కడ తీయవచ్చో ఎక్కడ తీయకూడదో అడగాలి, పెట్టింది తినాలి. తిన్నాం. జొన్న రొట్టె, పప్పు. సాయంత్రం అనుమతి వచ్చింది. సిరిసిల్లలో అంత నేర్చుకున్నవాణ్ణి కదా, ఏం చేసి ఉంటానో చెప్పండి. నెమలీకల మీద అస్తమించే ఎండ పడి రంగులు లేచాయి. అంతే, నోరు జారింది. "దాదా, ఒక్కసారి ఇటు చూడండి."

గుస్సాడీ చూడలేదు. నా పక్కన కూర్చున్న ఒక పెద్దాయన మెల్లగా అన్నాడు. "ఇప్పుడు అతడు దాదా కాదు బిడ్డా. దేవుడు. దేవుణ్ణి ఇటు చూడు అంటవా?"

కోప్పడి అన్న మాట కాదది. చిన్న పిల్లవాడికి తెలియని సంగతి చెప్పినట్టు చెప్పాడు. నేను కెమెరా కిందికి దించాను. గుళ్ళో మూలవిరాట్టును నేను ఎప్పుడైనా ఇటు తిరగమన్నానా? ఆయన ఎటు చూస్తే అటు మనమే పోయి నిలబడతాం కదా.

మర్నాడు మార్లవాయి తీసుకెళ్ళారు. ఇప్పుడది కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో, జైనూరు మండలంలో ఉంది. గుస్సాడీ ఆటను ఢిల్లీ దాకా తీసుకుపోయి 2021లో పద్మశ్రీ అందుకున్న కనకరాజు గారి ఊరు. అంతకుముందు ఆ ఊరికి ఇంకొక పేరుంది, హైమెన్‌డార్ఫ్ ఊరని. 1940లో జోడేఘాట్‌లో కుమురం భీం కాల్పుల్లో చనిపోయాక, గోండుల కష్టమేమిటో తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం పంపిన మనిషి క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్. వియన్నాలో పుట్టినవాడు. రెండో ప్రపంచ యుద్ధం వచ్చేసరికి ఆయన చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు, ఇంగ్లీషువాళ్ళ లెక్కలో శత్రుదేశస్థుడు. పాస్‌పోర్టు ఫోటోలు తీసేవాణ్ణి కదా, నాకు అక్కడ మనసు ఆగింది. ఆ చిన్న పుస్తకం వల్ల హైదరాబాద్ రాజ్యం దాటి పోలేని మనిషి, భార్య బెట్టీతో కలిసి మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉండిపోయాడు. అక్కడ గోండు పంతుళ్ళకు శిక్షణ ఇచ్చే బడి పెట్టించాడు. ఆయన తీసిన ఫోటోలు, ఫిల్ములు, రాసుకున్న డైరీలు ఇవాళ లండన్‌లో సోయాస్ అనే విద్యాసంస్థలో ఉన్నాయి.

ఆయన ఫోటో తీసే ముందు ఎన్నాళ్ళు ఆగాడో గాని, తీశాక వదిలేయలేదు. దశాబ్దాల తర్వాత అవే గూడేలకు తిరిగి వచ్చాడు. ఎవరి భూములు పోయాయో, ఎవరివి మిగిలాయో చూసి, 1982లో మళ్ళీ పుస్తకం రాశాడు. 1987లో బెట్టీ హైదరాబాద్‌లో చనిపోతే ఆమె కోరిక ప్రకారం మార్లవాయిలో సమాధి చేశారు. 1995లో ఆయన లండన్‌లో పోయారు. ఆయన అస్థికలు కూడా 2012లో ఆమె పక్కకు చేరాయి. ఏటా జనవరి 11న ఊరివాళ్ళు అక్కడ పూలు పెడతారు. మేం పోయిన రోజు సమాధుల మీద ఒక మేకపిల్ల ఎక్కి నిలబడి ఉంది. అంత పెద్ద కథ విన్నాక నేను తీసిన ఫోటో దానిదే. అది కూడా ఇటు చూడలేదు.

శిబిరం అయ్యాక నెలకు, ప్రింట్లు వేసి దండారి చూసిన గూడేనికి పోయాను. ప్రింట్లు వేయడం నా చేతిలో పనే, ఖర్చూ పెద్ద కాదు. ఫోటోలో ఉన్నవాళ్ళకు ప్రింటు ఇచ్చి రావాలని గడ్డం సార్ మా అందరి చేత ఒట్టు వేయించుకున్నారు, ఎంతమంది నిలబెట్టుకున్నారో మరి. నలభై ఫోటోలు అరుగు మీద పరిచాను. గుస్సాడీల ఫోటోల చుట్టూ పిల్లలు మూగారు. ఒక ముసలమ్మ మటుకు తన ఇంటి వాకిలి ఫోటో పట్టుకుని వదల్లేదు. దాని ముందు ఆడుతున్న మనుషులను చూడటం లేదు. వెనక మూలన కట్టేసి ఉన్న ఎద్దును వేలితో తడుముతోంది. ఎందుకని అడిగితే మనవడు చెప్పాడు, పండుగ అయిన వారానికే ఆ ఎద్దు పోయిందట. తీసేటప్పుడు ఆ ఎద్దును నేను చూడనే లేదు. మా భాషలో చెప్పాలంటే, ఆల్బంలో వేసేముందు పక్కన కోసేసే భాగం అది.

ఇప్పుడు చివరి సంగతి. ఇది మా పక్క ఊరిదే.

నా తెల్ల పరదా ముందు కూర్చుని మస్కట్ పోయిన ఒక పిల్లగాడు, ముప్పై రెండేళ్ళవాడు, అక్కడ నిద్రలోనే పోయాడు. శంషాబాద్‌కు పెట్టె రావడానికి చాలా రోజులు పట్టింది. దినాలకు పెద్ద ఫోటో కావాలని తండ్రి వచ్చాడు, వెంట తల్లి. కంప్యూటర్లో ఉన్న పాస్‌పోర్టు ఫోటో తీసి పెద్దది చేసి చూపించాను. మా దగ్గర ఇట్లాంటివి చాలా చేశాం. పోవడానికి దిగిన ఫోటోకే దండ వేస్తాం.

తల్లి తెర వైపు చూసి, "ఇది ఆఫీసోళ్ళ కోసం దిగిన ఫోటో," అంది. "మావోడు ఎన్నడన్న గిట్ల చూసిండా? నీ దగ్గర ఇంకోటి లేదా కొడుకా?"

వాళ్ళ ఇంట్లో చెల్లె పెళ్ళి ఫోటోలు తీసింది నేనే. ఆల్బంలో వెతికాను. ఉన్నవన్నీ గ్రూపుల్లో, ఇటు చూస్తూ. పాత హార్డ్ డిస్కులో 'వేస్ట్' అని ఒక ఫోల్డరు ఉంటుంది, కళ్ళు మూసినవి, పక్కకు తిరిగినవి, ఊగినవి అన్నీ అందులో పడేస్తాను. చెరిపేద్దామనుకుంటూనే ఏళ్ళు గడిచాయి. ఆ రాత్రి రెండింటి దాకా కూర్చున్నాను. దొరికింది. భోజనాల దగ్గర తీసింది. చొక్కా చేతులు మోచేయి దాకా మడిచి, ఎడమ చేతిలో పప్పు బకెట్, కుడి చేతిలో గరిటె. తల పూర్తిగా పక్కకు తిప్పి ఎవరినో పిలుస్తున్నాడు. నోరు తెరుచుకుని ఉంది, గరిటె నుంచి పప్పు కారుతోంది. మొహం సగమే కనపడుతోంది, కొంచెం ఊగింది కూడా.

పొద్దున తల్లికి చూపించాను. ఆమె ఏడవలేదు. కొంగుతో తెర తుడిచింది.

"నన్నే పిలుస్తుండు," అంది. "అందరికి పెట్టుకుంట, అమ్మా నువ్వు తిన్నవా అని."

ఎవరిని పిలుస్తున్నాడో నాకు ఇన్నేళ్ళూ తెలియదు. ప్రింటు వేసి, వెనక పెన్సిల్‌తో పేరు, ఊరు, చెల్లె పెళ్ళి తేదీ, ఎవరిని పిలుస్తున్నాడో రాశాను. అదే ఫోటో ఫ్లెక్సీ వాడికి కూడా పంపాను. పది నిమిషాలకు వాడి నుంచి ఫోన్.

"అన్నా, మనిషి ఇటు చూస్తలేడు. మొహం సక్కగున్నది వేరేది పంపవా?"

"అదే వెయ్ తమ్మీ," అన్నాను.